కాజాలమ్మ చీటీ

ఆ కుట్టు దుకాణంలో కాలం మారిందని తెలియడానికి క్యాలెండర్ అక్కర్లేదు, మిషను మీద ఏ రంగు గుడ్డ ఉందో చూస్తే చాలు. ఊదా రంగు గుడ్డ పరుచుకుందంటే క్రీస్తు రాక కోసం ఎదురుచూసే నాలుగు వారాలో, శ్రమల నలభై రోజులో దగ్గర పడ్డాయన్నమాట. తెలుపైతే క్రిస్మస్, కాకపోతే ఈస్టర్. ఎరుపు, ఈస్టర్ అయిన ఏడు వారాలకి వచ్చే పెంతెకొస్తుకి. ఆ తర్వాత వచ్చే, ఎంతకీ తెమలని ఆదివారాలన్నిటికీ ఆకుపచ్చ. చర్చిలో పరిచే గుడ్డలన్నీ ముప్పై ఏళ్లుగా ఆ దుకాణంలోనే తయారవుతున్నాయి. కత్తిరించేది అన్న. అంచులు మడిచి చేత్తో కుట్టేది చెల్లెలు.

అన్నని అందరూ టేపు పెద్దాయన అంటారు. పెద్దాయన అనేది వయసుని బట్టి కాదు, ఆయన సంఘ పెద్ద కాబట్టి. టేపు ఎందుకంటే అది ఆయన మెడలోంచి దిగగా చూసినవాళ్లు తక్కువ. చర్చికి కూడా దాంతోనే వచ్చి, గుమ్మంలో గుర్తొచ్చి, తీసి జేబులో కుక్కుకునేవాడు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఆయన కళ్లు ఆ మనిషి భుజాలు కొలుస్తూ ఉంటాయి. భుజాలొక్కటే అయితే బాగానే ఉండేది. ఆరాధనకి ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారు, ప్రార్థనలో ఎవరు కళ్లు తెరిచారు, ఎవరి నోట పాట ఉండి మనసు లేదు, అన్నీ ఆయన దగ్గర కొలతలతో సహా ఉంటాయి. శ్రమల దినాల్లో ఆయన టీలో పంచదార మానేస్తాడు. మానేసిన సంగతి దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ చెబుతాడు. అంతమందికి చెప్పుకున్నాక ఆ టీ తియ్యగానే ఉండి ఉంటుంది.

చెల్లెలిని కాజాలమ్మ అంటారు. చొక్కా గుండీలకి ఆమె కుట్టినంత నున్నగా కాజాలు కుట్టేవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. మొగుడు పోయిన నెలలోనే అన్న దుకాణం వెనక గదిలోకి వచ్చి పడింది. ఒక మంచం, ఒక పొయ్యి, పక్క ఇంటి గోడ తప్ప ఏమీ కనిపించని ఒక కిటికీ. ఆ గదిలోనే ఆమె చర్చికి రొట్టె కాల్చేది. ప్రభువు బల్ల, అంటే సంఘమంతా ఆ రొట్టెని పంచుకు తినే ఆరాధన, ఏడాదికి నాలుగుసార్లు. ఆ నాలుగుసార్లూ రొట్టె ఆమెదే. పులియని పిండి, పల్చగా వత్తి, సన్నని సెగ మీద ఓపిగ్గా కాల్చిన రొట్టె. పాస్టరుగారు అందరి ముందూ పైకెత్తి విరిస్తే పొడి రాలకుండా టప్పున విరిగేది.

ఆ రొట్టె ముక్క ఆమె నోటికి అంది పదకొండేళ్లయింది.

ఆ సంఘంలో బల్లకి ఎవరు పడితే వాళ్లు వచ్చి కూర్చోవడానికి లేదు. ముందు వారమంతా పెద్దలు తమ తమ వీధుల్లో ఇంటింటికీ తిరుగుతారు. కూర్చుని, ఎవరితోనైనా పగ ఉందా, దాచిన పాపం ఏమైనా ఉందా అని అడుగుతారు. జవాబు నచ్చితే అగ్గిపెట్టెంత అట్టముక్క చేతిలో పెడతారు. దాని మీద పేరూ, రిజిస్టరు రాసే మాస్టారి సంతకమూ ఉంటాయి. ఆదివారం ఆ చీటీని గుమ్మం దగ్గర పెట్టెలో వేసినవాళ్లకే రొట్టె. తర్వాత మాస్టారు పెట్టెలోని చీటీలని రిజిస్టరుతో సరిచూసి, వచ్చినవాళ్ల పేర్ల ఎదుట టిక్కు పెడతాడు. చీటీ వేయనివాళ్ల పేర్లు పెద్దల సభలో పైకి చదువుతాడు. ఎందుకు రాలేదో కారణం చెప్పాలి, అది రిజిస్టర్లోకి ఎక్కాలి. మనిషి దేవుడి దగ్గరికి ఎందుకు రాలేదో దేవుడికంటే ముందు మాస్టారికి తెలియాలి మరి.

టేపు పెద్దాయన వీధిలో నలభై రెండు చీటీలు. పదకొండేళ్లుగా వాటిని తన దుకాణంలోనే కత్తెర పక్కన పెట్టుకుని, వరసగా సర్దుకుని, చంకలో సంచితో బయల్దేరేవాడు. వెనక గదిలో చెల్లెలు రొట్టె కోసం పిండి జల్లిస్తూ ఉండేది. ఆమెకి చీటీ లేదు.

ఎందుకు లేదో చెప్పాలంటే ఆమె మొగుడి దగ్గరికి వెళ్లాలి. అతను వడ్రంగి. చర్చిలో బెంచీలన్నీ అతను చేసినవే. నవ్వించేవాడు, నలుగురిలో కలివిడిగా తిరిగేవాడు. ఎందుకో చివరి ఏడాది నవ్వడం మానేశాడు. ఒక సోమవారం పొద్దున తన పనిశాలలో దూలానికి ఉరేసుకున్నాడు. కాజాలమ్మ కేక వేయలేదు. పరుగెత్తుకెళ్లి అన్నని తీసుకొచ్చింది. గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర చేతిలో ఉండగానే వచ్చాడాయన. ఆ కత్తెరతోనే తాడు కోసి బావని కిందికి దింపాడు.

ఉరేసుకున్నవాళ్లకి ఆ సంఘపు శ్మశానంలో చోటు లేదు, ప్రార్థన లేదు. పైగా ఆ నెలలోనే ఆయన్ని సంఘ పెద్దగా ఎన్నుకోబోతున్నారు. ఇంట్లో ఉరేసుకున్న బావ ఉంటే ఆ ఎన్నిక ఏమవుతుందో వేరే చెప్పాలా?

"నిచ్చెన మీంచి పడ్డాడని చెప్పు," అన్నాడు అన్న.

"అబద్ధమా అన్నయ్యా?"

"నీ మొగుణ్ణి ఊరవతల పాతిపెట్టమంటావా? నువ్వు నోరు మెదపకు. మిగతాది నేను చూసుకుంటా."

చూసుకున్నాడు. మధ్యాహ్నానికల్లా శవానికి మెడ పూర్తిగా మూసే కాలరుతో తెల్ల చొక్కా కుట్టి తెచ్చాడు. గడ్డం కిందిదాకా గుండీలు. ఆ కాలరుకి కాజాలు కుట్టింది కాజాలమ్మే, ఏడుస్తూనే కుట్టింది. అంత చొక్కా ఎందుకని ఒక్కరూ అడగలేదు. బావని ప్రార్థనలతో, పాటలతో పూడ్చిపెట్టారు. మూడు వారాలకి ఆయన పెద్ద అయ్యాడు.

ఎనిమిది నెలలకి పనిశాల కొనుక్కున్నవాడు పైకప్పు విప్పించాడు. దూలానికి ముడి అలాగే ఉంది, కోసేసిన తాడు కొసతో సహా. అది పాస్టరుగారి చేతికి చేరింది. పెద్దలు కాజాలమ్మని సభకి పిలిపించారు. అన్న కూడా వాళ్లలో ఒకడిగా ఆ బెంచీ మీదే కూర్చున్నాడు.

ఆమె ఒప్పుకుంది. ఉరేసుకున్నాడు, అబద్ధం చెప్పాను, క్షమించండి అంది.

"ఎవరు దింపారమ్మా?" అన్నారు పాస్టరుగారు.

"నేనే అండీ."

"ఒక్కదానివే? దేంతో కోశావు?"

ఆమె ఒక్కసారి అన్న వైపు చూసింది. ఆయన ఒళ్లో టేపుని చుట్టలు చుడుతున్నాడు.

"కత్తెరతో అండీ. నా కాజాల కత్తెరతో," అంది.

కాజాల కత్తెర వేలెడంత ఉంటుంది. దారం తెంపడానికి, గుడ్డకి గాటు పెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. బొటనవేలంత లావు తాడుని దాంతో కోయాలంటే కత్తెరైనా విరగాలి, వేళ్లయినా తెగాలి. ఆ సంగతి ఆ బెంచీ మీద తెలిసినవాడు ఒక్కడే. ఆ ఒక్కడికీ నోట్లో నాలుక లేకపోయింది. మిగతావాళ్లకి కత్తెర గురించి తెలియకపోయినా, ఆడమనిషి ఒక్కతే ఆ ఒడ్డూ పొడుగూ మనిషిని దింపలేదని మాత్రం తట్టింది. ఇంకెవరో ఉన్నారు, ఈమె దాస్తోంది. వడ్రంగితో కలిసి పనిచేసే మనిషి మీద అనుమానపడ్డారు. అతను చర్చికి రావడమే మానేశాడు. ఆమె అన్న మీద మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. ఆయనే ఉండి ఉంటే ఇలాంటిది జరగనిచ్చేవాడా అనుకున్నారు. అబద్ధంలో పాలుపంచుకున్నది ఎవరో చెప్పేదాకా ఆమెకి చీటీ ఇవ్వకూడదని తీర్మానం రాశారు. కింద అందరి సంతకాలూ ఉన్నాయి. అన్నది మూడోది.

మరి రొట్టె ఎవరు చేస్తారని అప్పుడే ఎవరో అడిగారు. కాసేపు తర్జనభర్జన పడ్డాక, పిండి కలపడానికి చీటీ అక్కర్లేదని తేల్చారు.

మొదటి ఏడాది ఆమె ఎదురుచూసింది. అన్నయ్య చెప్తాడు, కాస్త ధైర్యం కూడగట్టుకోవాలి కదా అనుకుంది. రెండో ఏడాది, చెప్పకపోతే పోనీ, గది ఇచ్చాడు కదా అనుకుంది. తర్వాత ఏమనుకుందో తెలియదు. ఆదివారం ఆదివారం వచ్చి, మొగుడు చేసిన బెంచీల్లో ఆఖరుదాని మీద కూర్చునేది. బల్ల జరిగే రోజున పళ్లెం ఆ బెంచీ దాకా వచ్చి వెనక్కి తిరిగేది. ఆ పళ్లెం పట్టుకునేది తరచుగా అన్నే.

పదకొండో ఏట ఆమె కడుపులో గడ్డ లేచింది. డాక్టరు పెద్దాయన్ని పక్కకి పిలిచి, ఎండాకాలం దాటదన్నాడు. ఆమెకి ఎవరూ చెప్పలేదు గానీ, ఒంట్లో ఉన్నది ఆమెకి తెలియకుండా పోతుందా?

శ్రమల నలభై రోజులు మొదలయ్యే బూడిద బుధవారం పొద్దున ఆమె ఊదా గుడ్డ అంచు కుడుతోంది. ఆయన చేతిలో పంచదార లేని టీ.

"అన్నయ్యా, ఈ ఈస్టర్‌కి నాకు చీటీ తెచ్చిపెట్టు," అంది తలెత్తకుండా.

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "అది నా చేతుల్లో ఉందా?"

"నీ చేతుల్లోనే ఉంది. నీ నోట్లో కూడా ఉంది. పదకొండేళ్లలో ఒక్కసారైనా అడిగానా? మళ్లీ అడగను. ఒక్క ముక్క తినిపించి పంపించు."

"చూస్తాలే."

"చూడ్డం కాదు. చెప్తావా?"

"చెప్తాలేవే! ఆ అంచు వంకర పోతోంది, సరిగ్గా చూసి కుట్టు," అన్నాడు. అంచు వంకర పోలేదు.

నిజంగానే చెబుదామనుకున్నాడు. ఆ నలభై రోజుల్లో కనీసం నాలుగుసార్లు పాస్టరుగారి గుమ్మం దాకా వెళ్లాడు. ఒకసారి ఆయన కోటు కొలతలు తీసుకుని వచ్చాడు, ఒకసారి వాతావరణం మాట్లాడి వచ్చాడు. ఇంట్లో ఒక్కడే ఉన్నప్పుడు ఆ వాక్యం నోట్లో తిప్పి చూసుకునేవాడు. తాడు కోసింది నేను. మూడే ముక్కలు. పాతికేళ్లు సంపాదించుకున్న పేరు ఆ మూడు ముక్కలతో మట్టిగొట్టుకుపోతుంది. నీ దగ్గరా మేం పగలూ పాపాలూ చెప్పుకుంది అని వీధిలో ప్రతి ఇల్లూ మొహం మీదే అడుగుతుంది.

ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టల ఆదివారం తర్వాత మంగళవారం సభ జరిగింది. చీటీల పంపకం అయ్యాక, రిజిస్టరు మాస్టారే గొంతు సవరించుకున్నాడు. ఆయన కొంచెం మెత్తని మనిషి.

"అయ్యగారూ, కాజాలమ్మగారి పరిస్థితి బాగాలేదంటున్నారు. తమరు ఒకసారి ఇంటికెళ్లి, ఆవిడతో ఒంటరిగా మాట్లాడి, చెప్పింది విని, ఈ ఒక్కసారికి చీటీ ఇచ్చేస్తే బాగుంటుందేమో."

అందరూ టేపు పెద్దాయన వైపు తిరిగారు. పాస్టరుగారు కూడా తల ఊపారు. టేపు పెద్దాయన ఔనంటే చాలు. మూడు ముక్కలు కూడా చెప్పక్కర్లేదు, ఒక్క ముక్క చాలు. కానీ ఆయనకి వినిపించింది ఒక్కటే మాట: ఒంటరిగా మాట్లాడి. చావబోయే మనిషి, ఇక భయమేముంది, అన్నీ చెప్పేస్తే?

లేచి నిలబడ్డాడు. "నా సొంత చెల్లెలు కాబట్టి చెప్పాల్సి వస్తోంది. ఇవాళ మా ఇంటికి నియమం సడలిస్తే రేపు ఇంకొకరు అడుగుతారు. ఆవిడ నిజం ఒప్పుకోనంతవరకూ నేనైతే ఒప్పుకోను. నన్ను బలవంతపెట్టకండి," అన్నాడు. గొంతు వణికింది. అది చెల్లెలి మీద ప్రేమని దిగమింగుకోవడం వల్ల అనుకున్నారు వాళ్లు.

ఇలాంటి మనిషి ఉండబట్టే సంఘం నిలబడిందన్నారు. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు.

ఇంటికి రాగానే ఆమె ఆయన మొహం చూసి గోడ వైపు తిరిగి పడుకుంది. శనివారం మాత్రం లేచింది. పొయ్యి దగ్గర పీట వేసుకుని, మధ్యమధ్య గోడకి ఆనుకుంటూ, రెండు పూటలు పట్టినా సరే రొట్టె కాల్చి, తెల్ల గుడ్డలో చుట్టి ఆయనకి అందించింది. చర్చికి రాలేకపోయింది.

ఈస్టర్ ఆరాధన అయ్యాక మిగిలిన రొట్టెని పెద్దలు లోపలి గదిలో తినేయాలని నియమం. టేపు పెద్దాయన తన వంతులోంచి ఒక ముక్క నోట్లో వేసుకోకుండా జేబులో వేసుకున్నాడు. దారిలో దాన్ని పదిసార్లు తడుముకుంటూ వచ్చాడు. ఆ ఒక్క ముక్కతో అన్నీ సర్దుకుంటాయని నమ్మాడు పాపం. వెనక గదిలోకి వెళ్లి, మంచం పక్కన కూర్చుని, జేబులోంచి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. దానికి జేబులోని, గుడ్డ మీద గీతలు గీసే సుద్ద పొడి అంటుకుంది.

"తినవే," అన్నాడు.

ఆమె దాన్ని చూసింది. "పాస్టరుగారు ఇమ్మన్నారా?"

"ఎవరో ఇమ్మనడమేంటి? నేనే తెచ్చా. ఎవరూ చూడలేదు."

"ఎవరూ చూడకుండా తెచ్చావా?" ఆమె నవ్వింది. ఆ నవ్వు ఆయన చచ్చేదాకా మరిచిపోలేదు. "ఎవరూ చూడకుండా తినాలనుకుంటే పొయ్యి మీంచే తినేదాన్ని కదా అన్నయ్యా. పదకొండేళ్లు నా చేతుల్తోనే కాల్చాను. రొట్టె నాకు లేకనా?"

ముక్కని తిరిగి ఆయన చేతిలోనే పెట్టేసింది. "ఒక్కటి మాత్రం చెయ్యి. నాకు మెడ మూసే జాకెట్టు కుట్టకు. నా దగ్గర దాచాల్సింది ఏం లేదు."

గురువారం మధ్యాహ్నం పోయింది.

శవపేటిక మోసినవాళ్లంతా పెద్దలే. టేపు పెద్దాయన ముందు వైపు పట్టుకున్నాడు. పాస్టరుగారు ఆమె రొట్టె గురించి చక్కగా మాట్లాడారు. మరుసటి సభలో, చనిపోయినవారి మీద శిక్ష నిలవదు కాబట్టి తీర్మానం కొట్టేస్తున్నామనీ, ఆమె పేరు తిరిగి బల్ల రిజిస్టర్లో చేరుస్తున్నామనీ రాసుకున్నారు. బతికుండగా పదకొండేళ్లు పట్టిన పని, పోయాక రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఆ రాయడంలోనే మాస్టారు పొరపాటు చేశాడు. బల్ల రిజిస్టరు ఆయన దగ్గరుంటుంది, చావుల రిజిస్టరు పాస్టరుగారి దగ్గరుంటుంది. మాస్టారు మెత్తని మనిషే గానీ రాసేటప్పుడు కళ్లు పుస్తకం మీద ఉంటాయి, బుర్ర ఎక్కడో ఉంటుంది. తిరిగి చేర్చిన పేరు చేర్చినట్టే ఉంచి, పెంతెకొస్తు బల్లకి అందరితో పాటు ఆమెకీ చీటీ రాసేశాడు. టేపు పెద్దాయన కట్టలో ఈసారి నలభై మూడు చీటీలు వచ్చాయి.

దుకాణంలో కట్ట విప్పి సర్దుకుంటూ ఉంటే అది బయటపడింది. ఆమె పేరు, కింద మాస్టారి సంతకం. మిషను మీద ఎర్ర గుడ్డ ఉంది, అంచు కుట్టేవాళ్లు లేక సగంలో ఆగిపోయి. ఆయన ఆ అట్టముక్కని చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఇదే కదా ఆమె అడిగింది! ఆ తర్వాత చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడవడానికి ముందు లేచి దుకాణం తలుపు వేసొచ్చాడు, అది వేరే సంగతి.

దాన్ని వెనక్కి తీసుకెళ్లి, మనిషి లేదు, పొరపాటున రాశారు అని ఇచ్చేస్తే సరిపోయేది. ఇవ్వలేదు. ఆదివారం గుమ్మం దగ్గర పెట్టె ముందు నిలబడ్డప్పుడు జేబులో రెండు చీటీలున్నాయి. ఆమె చీటీ తీసి పెట్టెలో వేశాడు. తనది జేబులోనే ఉంచుకున్నాడు. పాపం ఒప్పుకోవడం అంటే ఇదే అనుకున్నాడు. నోటికి చేతకానిది చేత్తో చేశాననుకున్నాడు. అంతకంటే ఎక్కువగా, ఎవరైనా పట్టుకుంటే బాగుండునని ఆశపడ్డాడు. మాస్టారు ఆ చీటీ చూస్తాడు, ఉలిక్కిపడతాడు, సభలో నిలదీస్తాడు. అప్పుడు ఇక తప్పదు, మూడు ముక్కలూ వాటంతటవే బయటికొస్తాయి.

రొట్టె బేకరీ నుంచి తెప్పించారు. పాస్టరుగారు విరిస్తే పొడంతా అంచు సగమే కుట్టిన ఎర్రగుడ్డ మీద రాలింది. పళ్లెం పట్టుకుని వరసలన్నీ తిరిగి, ఆఖరి బెంచీ దగ్గర ఆయన అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాడు. చీటీ వేయకపోయినా తన వంతు ముక్క నోట్లో వేసుకున్నాడు, నమిలాడు, మింగాడు.

బుధవారం సభలో మాస్టారు రిజిస్టరు తెరిచాడు. చీటీలు ఒక్కొక్కటే తీసి, పేరు వెతికి, టిక్కు పెట్టి పక్కన వేస్తున్నాడు. కాజాలమ్మ చీటీ ఆయన వేళ్ల మధ్యకి వచ్చింది. టేపు పెద్దాయన బెంచీ అంచుకి జరిగాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లంతా ఏడు వారాల కిందట ఆమె శవపేటిక మోసినవాళ్లు. మాస్టారు పేరు పైకి చదివాడు, టిక్కు పెట్టాడు, చీటీ పక్కన పడేసి ఇంకొకటి తీశాడు. ఒకాయన గోళ్లు చూసుకుంటున్నాడు. ఇంకొకాయన ఆవలించాడు.

తర్వాత రానివాళ్ల పేర్లు చదివారు. ఒకరు ఊళ్లో లేరు. ఒకరికి జ్వరం. మూడోది చదవబోయి మాస్టారు కళ్లజోడు సరిచేసుకుని పగలబడి నవ్వాడు.

"చూశారా అయ్యగారూ! మన టేపు పెద్దాయన చీటీయే రాలేదు!"

గదంతా నవ్వింది. పాస్టరుగారు కూడా నవ్వారు. "కారణం చెప్పాలండోయ్, ఎవరికైనా నియమం నియమమే," అన్నారు సరదాగా.

ఆయన లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. పదకొండేళ్లుగా నానుతున్న ఆ మూడు ముక్కలూ పెదాల దాకా వచ్చాయి. ఎదురుగా అందరి మొహాలూ ప్రేమగా ఉన్నాయి.

"మర్చిపోయానండీ," అన్నాడు.

"పాపం, చెల్లెలు పోయినప్పట్నుంచీ మనిషి మనిషిలో లేడు," అన్నారెవరో. మాస్టారు ఆయన పేరు ఎదుట మరుపు అని రాసుకుని, రిజిస్టరు సంతకానికి ఆయన ముందుకే జరిపాడు. ఎడమ పేజీలో కాజాలమ్మ పేరు ఎదుట నీలం సిరాతో టిక్కు ఉంది. బల్ల తీసుకున్నట్టు. కింద ఆయన సంతకం పెట్టాడు, మూడోది.